ఇంజనీర్ పాస్

(మా ఊరి తెలుగు కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవారం నన్నో పావుగంట మాట్లాడమన్నారు. "మీరు కొండలెక్కుతారటగా, ఆ కబుర్లేవో సరదాగా చెప్పండి" అన్నారు. నేను ఎక్కనండీ, నా బండి ఎక్కుతుంది, నేను అందులో కూర్చుంటాను అని చెప్పాను. అదే చెప్పమన్నారు. సరే, సరదాగానే మొదలుపెడతాను. చివరిదాకా అలాగే ఉంటుందని మాత్రం హామీ ఇవ్వలేను.

నేనుండేది డెన్వర్లో. పని ఐ.టి. కన్సల్టింగు. అంటే ఇతరుల కంప్యూటర్లలో పడ్డ చిక్కుముళ్ళు విప్పడం, అప్పుడప్పుడు కొత్తవి వెయ్యడం. 2011లో ఎం.ఎస్. చదవడానికి టెక్సాస్ వచ్చినప్పుడు మేం నలుగురం ఒకే అపార్ట్‌మెంటులో రెండేళ్ళు కలిసున్నాం. పేర్లు చెబితే వాళ్ళు ఊరుకోరు. అయినా మేం ఒకళ్ళనొకళ్ళం ఊరిపేరుతోనే పిలుచుకుంటాం కనక మీరూ అలాగే గుర్తుపెట్టుకోండి. ఒకడు కర్నూలు, ఒకడు వరంగల్లు, ఒకడు భీమవరం. నేను ఖమ్మం. కర్నూలూ వరంగల్లూ ఇప్పుడు డెన్వర్లోనే ఉంటారు. భీమవరం మాత్రం డాలస్‌లో ఉండిపోయాడు.

2023 ఆగస్టులో ఒక శని ఆదివారాలు నలుగురం కలిసి శాన్ హువాన్ కొండలకి వెళ్దామనుకున్నాం. కొలరాడో రాష్ట్రానికి నైరుతి మూల ఉంటాయవి. అక్కడ లేక్ సిటీ, సిల్వర్టన్, యూరే అని మూడు చిన్న ఊళ్ళున్నాయి. వాటిని కలుపుతూ సుమారు 65 మైళ్ళ దారి ఒకటుంది, ఆల్పైన్ లూప్ అంటారు. చాలా భాగం మట్టీ రాళ్ళూ. ఆ దారిలో రెండు కనుమలు దాటాలి. ఒకటి సినమన్ పాస్. రెండోదాని పేరు, నవ్వకండి, ఇంజనీర్ పాస్!

సప్లిమెంటరీలు రాసి మరీ ఇంజనీర్లు పాసైన జాతి మనది. ఆ పేరు మ్యాపులో కనిపించాక ఆగగలమా? "మన నలుగురిలో ఫస్ట్ అటెంప్టులో పాసయ్యేదెవడో చూద్దాం" అని వాట్సాప్‌లో వారంపాటు ఒకటే గోల.

ఆ కనుమ ఎత్తు 12,800 అడుగులు. తిరుమల కొండలు సుమారు ఓ నాలుగు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులకన్నా తక్కువ. అంటే పీల్చే ప్రతి ఊపిరిలోనూ ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. ఈ లెక్క నాకు అప్పుడూ తెలుసు. లెక్క తెలియడం వేరు, దాన్ని పట్టించుకోవడం వేరు.

ఆ దారులు మనలాంటివాళ్ళ సరదాకోసం వేసినవి కావు. ఆ కొండలు యూట్ తెగవారివి. వెండీ బంగారం ఉన్నాయని తెలిసి గనులవాళ్ళు చొరబడ్డాక, 1873లో బ్రూనో ఒప్పందం పేరుతో ఆ నేల వాళ్ళ చేతిలోంచి పోయింది. తరవాత ఆటో మీర్స్ అనే ఆయన ఆ ప్రాంతమంతా టోల్ దారులు వేయించాడు. కంచరగాడిదలు, బళ్ళు ఖనిజాన్ని కిందికి దించడానికి. అందుకే చాలాచోట్ల దారి వెడల్పు ఒక్క బండికి సరిపోయేంతే. ఒక పక్క నిలువుగా కొండ, ఇంకో పక్క లోయ. గోడకి కొట్టిన అలమర చెక్కలా ఉంటుంది. గనులు మూతపడ్డాయి, ఊళ్ళు పాడుబడ్డాయి, దారులు మిగిలాయి.

ఇలాంటి దారిలో నడపడం గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మనవాళ్ళు ఆఫ్‌రోడింగ్ అంటే ఝామ్మని దుమ్ము లేపుకుంటూ పోవడం అనుకుంటారు. అదేం కాదు. ఎడ్లబండి వేగం. గేరు లో రేంజిలో వేసుకుని గంటకి అయిదు మైళ్ళో పదో. టైర్లలో గాలి కొంత తీసేస్తాం. మామూలుగా 35 పి.ఎస్.ఐ. ఉండేది 22కి దించితే టైరు కాస్త మెత్తబడి రాళ్ళని పట్టుకుంటుంది. దిగేటప్పుడు బ్రేకు మీద నిలబడకూడదు, కాగి పట్టు వదిలేస్తుంది. చిన్న గేరులో ఇంజనే బండిని ఆపుకుంటూ రావాలి. ఎదురుగా బండి వస్తే ఎక్కేవాడికి దారివ్వాలి, దిగేవాడు ఆగాలి. దారి దాటి పక్క గడ్డిమీదికి పోకూడదు. అంత ఎత్తున వేసవి రెండు నెలలే గనక ఒకసారి చక్రం కింద నలిగిన మొక్క మళ్ళీ లేవడానికి ఏళ్ళు పడుతుంది.

ప్లాను నాది. నలుగురిలో ఎక్సెల్ పిచ్చి నాకే. శుక్రవారం ఉదయం భీమవరం డాలస్ నుంచి విమానం దిగుతాడు. అలాగే బయల్దేరి సాయంత్రానికి లేక్ సిటీ దాటి కొండల్లో గుడారం. శనివారం ఇంజనీర్ పాస్, సినమన్ పాస్ రెండూ దాటి రావడం. ఆదివారం తిరుగు ప్రయాణం. పెట్రోలు ఎక్కడ, టీ ఎక్కడ, ఎవడు ఏ బండిలో... అన్నిటికీ ఒక్కో గడి. చూసినవాళ్ళు ముచ్చటపడ్డారు.

శుక్రవారం అనుకున్నట్టే జరిగింది. కర్నూలుది జీప్ రాంగ్లర్, నాది టొయోటా ఫోర్‌రన్నర్. సాయంత్రం ఆరింటికి లేక్ సిటీ దాటి హెన్సన్ క్రీక్ పక్కన మట్టిదారి పట్టాం. కాపిటల్ సిటీ అని పాడుబడిన ఊరొకటి వస్తుంది. ఎప్పటికైనా రాష్ట్ర రాజధాని అవుతుందని ఆశపడి ఒకాయన ఆ రోజుల్లోనే అక్కడ ఇటుకలతో పెద్ద భవనం కట్టించుకున్నాడట. రాజధాని డెన్వర్లోనే ఉండిపోయింది. రాజధానుల మీద ఆశపెట్టుకుని ఇళ్ళు కట్టుకోవడం మనకీ కొత్త కాదులెండి.

ఆ దగ్గర్లో, ఇంతకుముందు ఎవరో గుడారం వేసుకున్న జాడ ఉన్నచోట మేమూ వేసుకున్నాం. సుమారు 9,700 అడుగులు. పక్కనే ఏరు చప్పుడు, చుట్టూ స్ప్రూస్ చెట్లు. చీకటి పడ్డాక చలి.

అప్పుడు భీమవరం తన బ్యాగులోంచి ప్రెషర్ కుక్కరు తీశాడు. అదే కుక్కరు. 2011లో వాళ్ళమ్మగారు సూట్‌కేసులో బట్టలమధ్య పెట్టి పంపించినది. రెండేళ్ళు మా నలుగురికీ అన్నం పెట్టినది. పిడి ఒకసారి విరిగితే స్క్రూలు వేసి బిగించాం. "విమానంలో కుక్కరు మోసుకొచ్చావేంట్రా" అంటే, "9,700 అడుగుల మీద నీళ్ళు 90 డిగ్రీలకే మరిగిపోతాయి బావా, మామూలు గిన్నెలో కందిపప్పు తెల్లారినా ఉడకదు" అన్నాడు. నా ఎక్సెల్లో లేని సంగతి! ఆ కొండల్లో కుక్కరు మూడు కూతలు వేస్తే ఎక్కడో ఓ కుక్క మొరిగింది. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, నెయ్యి. వరంగల్లు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

భీమవరం సరిగ్గా తినలేదు. నేను చూశాను. ప్రయాణం బడలిక అనుకున్నాను. రాత్రి రెండింటప్పుడు వాడు గుడారంలో లేచి తల పట్టుకు కూర్చున్నాడు. "ఏరా?" అన్నాను. "ఏంలేదు, చలి" అన్నాడు. నేను అటు తిరిగి పడుకున్నాను. శ్రోతల్లారా, ఈ ప్రసంగంలో నాకు కష్టంగా ఉన్న వాక్యం అదే.

శనివారం ఆరున్నరకి బయల్దేరాలని ప్లాను. ఉప్మా, కాఫీ, ఫోటోలు, టైర్లలో గాలి దింపడం అన్నీ కలిసి తొమ్మిదిన్నర చేశాం. అక్కడ వేసవిలో మధ్యాహ్నాలు ఉరుములతో వానలు. చెట్లు లేని ఎత్తులో మెరుపులకి దొరికేది మనమూ మన బండీనే. కనుమలు పన్నెండులోపు దాటెయ్యాలంటారు. అదీ నాకు తెలుసు.

దారి మాత్రం మరిచిపోలేను. కొంతదూరానికి చెట్లు ఆగిపోయాయి. ఇక రెండుపక్కలా పచ్చటి వాలు, దాన్నిండా పూలు. నీలం, తెలుపు కలిసిన కొలంబైన్ కనబడితే వరంగల్లు బండి ఆపమని గొడవ. దూరాన మంచు చారికలు. జీపు ముందు, నేనూ భీమవరం వెనక బండిలో. వాడు మొదట్లో బాగానే మాట్లాడాడు. తరవాత అడిగినదానికి జవాబు. ఆ తరవాత అదీ లేదు.

రోజెస్ క్యాబిన్ అనే పాత సత్రం ఆనవాళ్ళు దాటి పైకి కొంత ఎక్కాక "ఆపు" అన్నాడు. దిగి రాయిమీద చెయ్యిపెట్టి వాంతి చేసుకున్నాడు. తిరిగి బండిదాకా నాలుగడుగులు వేయడానికి తూలాడు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. టైము పదకొండున్నర. పడమటి వైపు మబ్బు నల్లగా పేరుకుంటోంది.

జీపువాళ్ళు దిగి వచ్చారు. అక్కడ మేం పడ్డ గొడవ మీకు ఉన్నదున్నట్టు చెబుతాను.

"ఇంకో మైలున్నర గూడా లేదబ్బా. పైకి పోయి, ఒక ఫోటో కొట్టి, అట్లే దిగిపోదాం. ఇంత దూరమొచ్చి ఎనక్కి పోతారా ఎవరన్నా?" అన్నాడు కర్నూలు.

"ఏందే, వాడు కక్కుకుంటుంటే నీకు ఫోటో కావాల్నా?" అన్నాడు వరంగల్లు.

"నాకేం లేదెహె, పోనివ్వండి. నాకోసం ఆపితే ఊరుకోను" అన్నాడు భీమవరం, డోరు పట్టుకు నిలబడి.

ముగ్గురూ నా వైపు చూశారు. ప్లాను నాది కదా. నిజం చెప్పమంటే, నాకూ పోదామనే ఉంది. వారంరోజులు గోల చేసి, ఆరేడు గంటలు నడిపి, మైలున్నరలో ఆగడమా? అప్పుడు నాకు మా వృత్తిలోదే ఒక మాట గుర్తొచ్చింది. మేం కొత్త సిస్టం ప్రారంభించే రాత్రి, ఏదైనా తేడా వస్తే పాతదానికి ఎలా తిరిగి వెళ్ళాలో ముందే కాగితం మీద రాసుకుంటాం. రోల్‌బ్యాక్ ప్లాన్ అంటాం. ఏ గంటకి, ఏ లక్షణం కనిపిస్తే, ఎవరు నిర్ణయం తీసుకోవాలి అన్నీ అందులో ఉంటాయి. ఎందుకంటే తెల్లవారుజామున మూడింటికి, అలిసిపోయిన మనుషులు, "ఇంకొక్క గంట చూద్దాం" అనే అంటారు. అది లేకుండా క్లయింటు దగ్గర ఒక్క రాత్రి కూడా పని మొదలుపెట్టనివాణ్ణి, మనుషుల్ని తీసుకుని 12,800 అడుగులకి బయల్దేరుతూ ఎక్కడ, ఎందుకు వెనక్కి తిరగాలో ఒక్క గడిలోనూ రాయలేదు.

"దిగిపోదాం" అన్నాను. కర్నూలు మాట్లాడలేదు. వెళ్ళి జీపు తలుపు గట్టిగా వేశాడు.

దిగిపోదాం అనడం తేలికే. బండి తిప్పడానికి చోటేది? వెనక్కి సుమారు నూట యాభై గజాల కింద దారి కాస్త వెడల్పయిన మలుపు ఉంది. అక్కడిదాకా రెండు బళ్ళూ రివర్సులోనే దిగాలి, ఒక పక్క లోయ. మొదట ముగ్గురూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. రైటు, లెఫ్టు, ఆపు, పోనీ. "రైటంటే నీ రైటా, నా రైటా?" అని నేను అరవడం. చక్రం కింద రాయి దొర్లి లోయలోకి పోయిన చప్పుడు విన్నాక అందరం నోరుమూశాం. అప్పుడు వరంగల్లు ఒక మంచి పని చేశాడు. "ఒక్కణ్ణే జెప్త. రైటు లేదు, లెఫ్టు లేదు. కొండ, లోయ. గంతే" అన్నాడు. నాకు అద్దంలో కనబడేలా నిలబడి, "కొండకి... కొండకి... ఇంకొంచెం లోయకి... ఆపు" అంటూ అడుగడుగునా దింపాడు. ఆ నూట యాభై గజాలకి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. నా బండి తిరిగాక జీపుకీ అలాగే. నేను ఆ కొండల్లో నడిపిన దారుల్లో కష్టమైనది అదే. అది ఏ ఫోటోలోనూ లేదు.

సగం దిగేసరికి వడగళ్ళు మొదలయ్యాయి. పైన కనుమ కనపడకుండా మూసుకుపోయింది. మెరిసిన వెంటనే ఉరుము. మేం పైకే వెళ్ళి ఉంటే సరిగ్గా ఆ సమయానికి అక్కడుండేవాళ్ళం.

లేక్ సిటీలో చిన్న వైద్య కేంద్రం ఉంది. నర్సమ్మ భీమవరం వేలికి ఆక్సిమీటరు పెట్టి చూసి, ఆక్సిజన్ గొట్టం తగిలించి, రెండే ప్రశ్నలు అడిగింది. "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు?" కాపిటల్ సిటీ దగ్గర. "మొన్న రాత్రి?" డాలస్‌లో, ఇంట్లో. ఆమె నా వైపు చూసింది. డాలస్ ఎత్తు సుమారు 430 అడుగులు. పల్లంలోంచి వచ్చినవాళ్ళు మొదటి రాత్రే తొమ్మిదివేల అడుగులు దాటి పడుకోకూడదంది. తలనొప్పి, వికారం మొదలైతే ఇంక ఎక్కకూడదు. నడక తూలితే, మాట తడబడితే అది మెదడుకి నీరు చేరుతోందన్న హెచ్చరిక కావచ్చు, వెంటనే దిగాలి. దిగడమే మందు. డెన్వర్లో ఉండే మా ముగ్గురికీ 5,280 అడుగులు ఎప్పుడూ అలవాటే. వాడికి కాదు. నా ప్లానులో వాడి విమానం టైము ఉంది, వాడి ఊరి ఎత్తు లేదు.

గంటన్నరకి వాడి ముఖంలో కాస్త రంగు వచ్చింది. ఇంకా కిందికి వెళ్ళి పడుకోమంది. గన్నిసన్ వైపు బ్లూ మేసా జలాశయం పక్కన, ఏడున్నర వేల అడుగుల దగ్గర, ప్రభుత్వ క్యాంపు స్థలంలో గుడారాలు వేశాం. చీకటి పడేవేళకి వాడికి ఆకలేసింది. తనే కుక్కరు పెట్టాడు. వద్దంటే వినలేదు. కర్నూలు పొద్దున్నుంచీ మొదటిసారి మాట్లాడుతూ, "ఉల్లిగడ్డలు నేను కోస్తా" అన్నాడు. మా మధ్య క్షమాపణ అంటే అంతే.

తిన్నాక మంట దగ్గర కూర్చుని ఉంటే భీమవరం అన్నాడు, "ఇవాళ్టికి నలభై ఒకటో రోజు."

దేనికని ఎవరూ అడగలేదు. వింటున్నవాళ్ళలో చాలామందికీ చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకోసం చెబుతాను. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఈలోపు ఇంకో యజమాని దొరకాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. జూలై మొదట్లోనే వాడి ప్రాజెక్టు ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా కలిసి తిరిగినవాళ్ళం, వాట్సాప్‌లో రోజూ జోకులేసుకునేవాళ్ళం, మాకు చెప్పలేదు.

"రాత్రి నుంచీ తల పగిలిపోతోందిరా. చెబితే ఆపేస్తారని చెప్పలేదు. మళ్ళీ నలుగురం కలిసి వస్తామో రామో అనిపించింది" అన్నాడు.

ఏం మాట్లాడాలో తెలియలేదు. నేను వాణ్ణి రాత్రి రెండింటికి "ఏరా" అని ఒక్కసారి అడిగాను. రెండోసారి అడిగి ఉంటే తలనొప్పి సంగతి చెప్పేవాడేమో. ఉద్యోగం సంగతీ చెప్పేవాడేమో. మనవాళ్ళం మొదటిసారి అడిగినప్పుడు అందరం "బావున్నాం" అనే అంటాం కదండీ. అది జవాబు కాదు, మర్యాద.

ఆదివారం తిరిగొచ్చేశాం. మిగిలిన పంతొమ్మిది రోజులూ నలుగురం తెలిసినవాళ్ళందరికీ వాడి రెజ్యూమే పంపాం. కుదరలేదు. సెప్టెంబరులో వాడు భార్యాబిడ్డలతో హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఇప్పుడు అక్కడే మంచి ఉద్యోగంలో ఉన్నాడు. వెళ్ళే ముందు సామాన్లు తలా కొంత పంచాడు. కుక్కరు నాకు పంపించాడు.

2024 జూలైలో మేం ముగ్గురం మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఎక్సెల్లో మొదటి గడిలోనే రాశాను: పదకొండింటికి ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి. ఎవరికి తల నొప్పెట్టినా వెనక్కి. నిర్ణయం వరంగల్లుది, అప్పీలు లేదు. మొదటి రాత్రి గన్నిసన్, రెండో రాత్రి లేక్ సిటీ. చీకటితోనే బయల్దేరి తొమ్మిది కాకుండా పైకి చేరాం. చుట్టూ ఎటుచూసినా కొండలే, అలలు అలలుగా. గాలికి నిలబడలేకపోయాం.

మీలో ఎవరైనా వెళ్ళదలుచుకుంటే తప్పకుండా వెళ్ళండి, అంత అందమైన చోటు. పెట్రోలు నింపుకోండి, కాగితం మ్యాపు పెట్టుకోండి, పైన ఫోన్లు పనిచెయ్యవు. పల్లపు ఊళ్ళనుంచి వచ్చే చుట్టాల్నీ స్నేహితుల్నీ నేరుగా పైకి తీసుకుపోకండి, రెండు రాత్రులు ఆగండి. ఎవరైనా "ఏంలేదు" అంటే ఇంకోసారి అడగండి.

అన్నట్టు, కనుమ మీద "ఇంజనీర్ పాస్, 12,800 అడుగులు" అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు పక్కన రాయిమీద, స్క్రూలేసిన పిడి కనపడేలా కుక్కరు పెట్టి ఫోటో తీశాం. లేక్ సిటీకి దిగి సిగ్నలు రాగానే భీమవరానికి పంపాం. అక్కడ అర్ధరాత్రి. అయినా రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

"కుక్కరు పాసైపోయిందన్నమాట. నాకింకా బ్యాక్‌లాగ్ ఉందిరా, సీటు ఉంచండి."

ఉంచాం.